జఠరాన్ని కుట్టిన వైద్యుడు

పిల్లలూ, మనం మింగిన అన్నం ముద్ద అన్నవాహిక గుండా దిగి జఠరమనే సంచిలో పడుతుంది. అక్కడ పుల్లని జఠరరసంలో నాని, జావలా మారి, సంచి చివరనున్న ఇరుకు ద్వారం గుండా చిన్నప్రేవులోకి పోతుంది. ఆ ద్వారం మూసుకుపోతే ఏమవుతుంది? ఎదుట విస్తరి నిండా అన్నమున్నా మనిషి చిక్కి శల్యమైపోతాడు.

1881లో ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో 43 ఏళ్ళ స్త్రీకి సరిగా ఇదే జరిగింది. ఆ ద్వారం దగ్గర కాన్సరు గడ్డ పెరిగింది. ఏది తిన్నా వాంతి అయ్యేది. ఆమెకు వైద్యం చేయడానికి పూనుకున్నవాడు థియొడోర్ బిల్‌రోత్ అనే ఆచార్యుడు.

గడ్డను కోసి తీసివేస్తే సరిపోదా అంటారేమో! కోసిన తరువాత మిగిలిన జఠరాన్ని ప్రేవుతో కలిపి కుట్టాలి. ఆ కుట్టులో ఒక్క సందు మిగిలినా లోపలి రసం బయటికి కారి, కడుపులో చీముపట్టి ప్రాణం పోతుంది. అంతకుముందు 1879లో పారిస్‌లో పేయాన్, 1880లో పోలెండు వైద్యుడు రిడిగియర్ ఈ శస్త్రచికిత్స చేశారు. ఇద్దరి రోగులూ బతకలేదు.

మరి బిల్‌రోత్‌కు ధైర్యం ఎక్కడిది? ఆయన శిష్యులు కొన్నేళ్ళపాటు కుక్కల మీద ప్రయోగాలు చేసి, జఠరానికి వేసిన కుట్టు మానుతుందని తెలుసుకున్నారు. శవపరీక్షల నివేదికలు వేలకొద్దీ తిరగవేసి, ఇటువంటి గడ్డ కొందరిలో ఇతర అవయవాలకు పాకకుండా ఉంటుందని కనిపెట్టారు. కత్తి పట్టడానికి ముందు జరిగిన పని ఇంత!

జనవరి 29న రోగికి మత్తుమందు ఇచ్చారు. సుమారు గంటన్నరసేపు శస్త్రచికిత్స జరిగింది. పట్టుదారంతో దాదాపు 50 కుట్లు పడ్డాయి. ఆమె బతికింది! కొద్దిరోజులలోనే ఆహారం తీసుకోగలిగింది.

కాని కథ ఇక్కడితో అయిపోలేదు. కాన్సరు మళ్ళీ తలఎత్తి, సుమారు నాలుగు నెలలకు ఆమె మరణించింది. అయితే శవపరీక్షలో చూస్తే, కుట్టు వేసిన చోటు చక్కగా మానిపోయి ఉన్నది. దారి దొరికిందన్నమాట! ఆ దారినే తరువాతి వైద్యులు ఎందరినో బతికించారు.

నేడు ఈ అవయవాలకు చికిత్స చేసే నిపుణులు చాలాసార్లు పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలు చేసి, సన్నని కెమెరా పంపి, తెరమీద చూస్తూ పని చేస్తారు. మన దేశంలో ఆ విద్యకు ఎంతకాలం పడుతుందో లెక్క వేయండి: ఎం.బి.బి.ఎస్. ఐదున్నర ఏళ్ళు, ఎం.ఎస్. మూడేళ్ళు, ఆపైన ఎం.సి.హెచ్. మూడేళ్ళు. ఎంత వచ్చింది? పదకొండున్నర ఏళ్ళు! ఇంటర్ ముగించిన కుర్రవాడు ముప్పై ఏళ్ళకు దగ్గరవుతాడు.

బిల్‌రోత్ గురించి ఇంకొక్క మాట. ఆయన అంతకుముందు జ్యూరిచ్‌లో పనిచేసినప్పటి ఫలితాలను పుస్తకంగా అచ్చువేశాడు. నయమైనవారి వివరాలే కాదు, చనిపోయినవారి వివరాలు కూడా దాచకుండా రాశాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలిస్తేనే గదా, వెనుక వచ్చేవాడు దిద్దుకునేది!

నేను బడిపంతులుగా ఉన్న రోజులలో, లెక్క తప్పిన కాగితాన్ని నాకు కనబడకుండా చింపివేసే పిల్లలను చాలామందిని చూశాను. మీరు చింపకండి. ఆ లెక్క పక్కనే సరియైన లెక్క చేసి, రెంటినీ ఉంచండి.