ట్రిమ్ పనిచేయకపోతే ఏం చూడాలి?

బ్యాటరీ, రిలేల గురించి కిందటి పాఠంలో తెలుసుకున్నారు కదా! ఇప్పుడు వాటిని పడవ మీద చూద్దాం.

విశాఖ, కాకినాడ తీరాల్లో వేటపడవల చిన్న అవుట్‌బోర్డు ఇంజన్లను చేత్తోనే పైకెత్తుతారు. పెద్ద ఇంజన్లకు ఈ వాలు మార్చే పనిని, అంటే ట్రిమ్‌ను, కరెంటు చేస్తుంది. మీట నొక్కితే రిలే ద్వారా 12 వోల్టులు ఒక చిన్న మోటారుకు అందుతాయి. అది నూనె పంపును తిప్పుతుంది. కరెంటు దిశ మారితే మోటారు ఎదురు తిరిగి ఇంజను దిగుతుంది. లోతు లేనిచోట ఇంజను లేవకపోతే పంకా ఇసుకమేటకు తగిలి విరగవచ్చు. అప్పుడు పడవ ప్రవాహం పాలే.

మీట నొక్కి వినండి. 'టిక్' అనే చప్పుడు లేకపోతే ఫ్యూజు, మీట, వాటి తీగలు చూడండి. చప్పుడు వచ్చినా మోటారు తిరగకపోతే ముందు బ్యాటరీ కొసలు విప్పి, తుప్పు గీకి బిగించండి. ఉప్పునీటి దగ్గర చాలాసార్లు జబ్బు అక్కడే! అయినా తిరగకపోతే, మీట నొక్కి ఉంచి మోటారు తీగల మధ్య మల్టీమీటరు పెట్టండి. సున్నా చూపితే లోపం రిలేలోనో తీగలోనో ఉంది.

ఇంజను లేస్తూ, దిగకపోతే? రెండు రిలేలూ ఒకే రకమైతే వాటి స్థానాలు మార్చండి. లోపమూ తారుమారైతే చెడింది రిలేయే. మోటారు తిరుగుతున్నా ఇంజను కదలకపోతే తప్పు కరెంటుది కాదు. నూనె మట్టం, చేత్తో దించే వాల్వు బిగింపు చూడండి.

జాగ్రత్త: ఎత్తిన ఇంజనుకు ఊతం పెట్టకుండా దాని కింద చేయి పెట్టకండి.

పాఠ్యగత ప్రశ్న: 'టిక్' వినిపించింది, మోటారు తీగల మధ్య 12 వోల్టులున్నాయి, మోటారు తిరగలేదు. లోపం ఎక్కడ?