తాటాకు మీది ధర్మశాస్త్రము

విశాఖపట్టణ ప్రాంతపు పల్లెలలో తాటిచెట్టు ఎవరికిని కొత్తది కాదు. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరమునందును అంతే. ముంజెలకును, కల్లునకును, ఇంటికప్పునకును ఆ చెట్టు పనికివచ్చునని పిల్లలు కూడ చెప్పగలరు. కొన్ని తరముల క్రిందట దాని ఆకే కాగితము. పద్దులు, జాతకములు, పురాణములు, ధర్మశాస్త్రములు అన్నియు దాని మీదనే వ్రాసికొనెడివారు.

16వ శతాబ్దపు మొదటి భాగమున ఈ సీమ గజపతుల ఏలుబడిలో ఉండెను. ప్రతాపరుద్ర గజపతి (1497–1540) పేరున అప్పుడు వెలసిన సంస్కృత గ్రంథము ‘సరస్వతీవిలాసము’. ఇది ధర్మశాస్త్ర నిబంధము. నిబంధమనగా క్రొత్తగా శాసనములు చేయు గ్రంథము కాదు. అనేక స్మృతులలో చెదరియున్న వచనములను విషయవారీగా ఒకచోట కూర్చి, ఒకదానితో నొకటి పొసగనివాటిని సమన్వయపరచు సంగ్రహము. తండ్రి ఆస్తి ఎట్లు పంచవలెను, అప్పు ఎవరు తీర్చవలెను, సాక్షి ఎట్టివాడై యుండవలెను అను ప్రశ్నలకు పూర్వపు పండితులు ఇట్టి గ్రంథములనే విప్పి చూచెడివారు. దాయభాగమునకు సంబంధించిన భాగమును ఫోక్స్ అను మతాచార్యుడు 1881లో ఇంగ్లీషులోనికి తెచ్చెను. వ్యవహారకాండము 1927లో మైసూరునుండి శామశాస్త్రిగారి పరిష్కరణలో అచ్చుపడినది.

ఐరోపాలో ఇటువంటి పనినే క్రైస్తవ మఠాధికారుల శాసనముల విషయమున గ్రేషియన్ అను పండితుడు చేసెను. 1140 ప్రాంతమున ఇటలీలోని బొలోన్యాలో ఆయన కూర్చిన సంగ్రహమునకు ‘పొసగని శాసనముల పొందిక’ అని అర్థమిచ్చు పేరు కలదు. రోమను కాథలిక్కు సంఘము 1917లో క్రొత్త ధర్మసంహితను ప్రకటించువరకు ఆ సంగ్రహమునకు ఆ సంఘపు న్యాయములో పెద్ద స్థానముండెను.

రెండిటికిని ఒక తేడా ఉన్నది. గ్రేషియన్ గ్రంథమును తోలు మీద వ్రాసిరి. చల్లని మఠములలో దాచిన తోలు ఎనిమిది వందల యేండ్లైనను నిలిచియున్నది. మన కోస్తా చెమ్మలో తాటాకును పురుగు తినును, అంచులు విరుగును. అందుచేత రెండు మూడు తరములకొకసారి పాత కట్టను చూచి క్రొత్త కట్ట వ్రాయించుట ఆచారమైనది. 13వ శతాబ్దమున తిక్కన శిష్యుడు కేతన, విజ్ఞానేశ్వరుని ‘మితాక్షర’ ననుసరించి ‘విజ్ఞానేశ్వరీయము’ అను ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలో వ్రాసెను. అట్టి గ్రంథము నేటికి చేరినదనగా, అది ప్రతికి ప్రతి, ఆ ప్రతికి ప్రతిగా దిగివచ్చినదన్నమాట. దిగిన ప్రతి మెట్టునందును పొరపాటునకు చోటున్నది.

పొరపాట్లు ఎట్లు పుట్టునో తెలియవలెనన్నచో వ్రాయు తీరు తెలియవలెను. ఎండి పదునైన కమ్మలను ఒక కొలతకు కోసి, బెజ్జములు వేసి, ఇనుప గంటముతో అక్షరములు గీయుదురు. అప్పటికవి సరిగా కనబడవు. తరువాత మసియు, పసరో నూనెయో కలిపి రుద్దిన పిదప గీతలు నల్లబడును. పదమునకు పదమునకు మధ్య ఎడము విడువరు. పద్యపు పాదములు విడివిడిగా వ్రాయరు. ఎత్వము, ఒత్వము దీర్ఘములో హ్రస్వములో తరచుగా చూపరు. ద, ధలకును, ప, వలకును భేదము ఒక చిన్న గీతలో ఉండును. ఇక మూలములో ఒకే మాట రెండు వరుసలలో ఉన్నచో, లేఖకుని కన్ను మొదటిదానినుండి రెండవదానిమీదికి దూకును. నడుమ నున్న భాగము మాయమగును. లేఖకుడు నిద్రమత్తులో నుండెనని నిందింపనక్కరలేదు. ఎంత శ్రద్ధాళువైనను కన్ను చేయు పని ఇది.

తెలుగు పద్యమునకు ఇక్కడ ఒక రక్ష కలదు. గణములు, యతి, ప్రాస ముందే నిర్ణయమైనవి గనుక, అక్షరము జారినచో పద్యము కుంటుపడి తప్పును తానే పట్టియిచ్చును. గ్రేషియన్ వచనమునకు ఈ సౌకర్యము లేదు. కాని ఈ రక్షను అతిగా నమ్మరాదు. ‘మూఁడు’ అన్నను ‘నూఱు’ అన్నను ఒక గురువు, ఒక లఘువు. మూఁడు పణముల దండువు నూఱు పణములైనను, ఆ మాట యతిప్రాసల స్థానమున లేనంతవరకు, ఛందస్సు నోరెత్తదు. దండువు కట్టవలసినవానికి మాత్రము తేడా తెలియును.

ఇది ఊహకు చెప్పిన మాట. నిజముగా జరిగినది ఇంతకంటె బరువైనది. యాజ్ఞవల్క్యస్మృతిలో స్త్రీధనము ఏదియో చెప్పు శ్లోకము కలదు. తలిదండ్రులు, భర్త, సోదరులు ఇచ్చినది, పెండ్లినాడు అగ్నిసాక్షిగా వచ్చినది, భర్త మరియొకతెను పెండ్లాడునపుడు మొదటి భార్యకిచ్చు ఆధివేదనికము అని లెక్క సాగును. ఆ చివరి మాట తరువాత విజ్ఞానేశ్వరుడు చూచిన పాఠము ‘ఆద్యం చ’. ‘మొదలైనవియు’ అని దాని యర్థము. బంగాళమున జీమూతవాహనుడు చూచిన పాఠము ‘చైవ’. ‘అదియును’ అని మాత్రమే దాని యర్థము. ఎనిమిదక్షరముల పాదములో రెండు పాఠములకును గురులఘువుల వరుస ఒక్కటే. ఛందస్సు రెండిటిని లోనికి రానిచ్చును. ‘మొదలైనవి’ అనుదానిని పట్టుకొని విజ్ఞానేశ్వరుడు స్త్రీకి వారసత్వము వలన వచ్చినది, కొన్నది, పంపకములో దక్కినది కూడ స్త్రీధనమే అని వ్యాఖ్యానించెను. రెండవ పాఠము పట్టినచో లెక్క అక్కడితో ఆగును. తెలుగుదేశమున మితాక్షరయే ప్రమాణము. అయినను ఆంగ్లేయుల నాటి న్యాయస్థానములు ఆయన అర్థమును పూర్తిగా ఒప్పుకొనలేదు. భర్తనుండి వారసత్వముగా వచ్చిన ఆస్తి స్త్రీధనము కాదని ప్రీవీ కౌన్సిలు 1867లో తీర్పు చెప్పెను. అట్టి ఆస్తిని విధవ బ్రతికినంతకాలము అనుభవింపవచ్చును గాని, తగిన అవసరము లేనిదే అమ్మజాలదు. ఈ కట్టుబాటు 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో గాని తొలగలేదు.

ఇట్టి తావున ఏది పూర్వపాఠము? ఎక్కువ ప్రతులలో ఉన్నదానిని తీసికొనుట సులభమైన ఉపాయము, కాని మోసకరము. అయిదు ప్రతులున్నవనుకొనుడు. మూడింటిలో ఒకే వరుస ఒకేచోట లోపించినచో, ఆ మూడును ఒకే తల్లి పిల్లలని తేలును. అప్పుడవి మూడు సాక్ష్యములు కావు, ఒకటే. ఈ విధముగా ఉమ్మడి తప్పులను బట్టి ప్రతుల వంశవృక్షము వ్రాయు పద్ధతి 19వ శతాబ్దమున జర్మనీలో లాఖ్మన్ మొదలైనవారి చేతిలో శాస్త్రమైనది. పూనా భండార్కర్ సంస్థ మహాభారత పరిష్కరణకు తెలుగు లిపిలోని ప్రతులను కూడ ఈ కంటితోనే పరిశీలించినది. ధర్మశాస్త్రములకు వ్యాఖ్య మరియొక సాక్షి. మూలశ్లోకమును లేఖకుడు మార్చివేసినను, వ్యాఖ్యాత ఆ మాటకు పేజీడు అర్థము వ్రాసియున్నచో, ఆయన యెదుట ఏ పాఠమున్నదో సందేహముండదు. ‘ఆద్యం’ అను పాఠము కనీసము 1126 నాటికి, అనగా విజ్ఞానేశ్వరుని పోషించిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని పాలన ముగియునప్పటికి, ఉన్నదని ఇట్లే చెప్పగలుగుచున్నాము.

ప్రతి యెప్పటిదో తెలుపునది సాధారణముగా చివరి కమ్మ. లేఖకుడు సంవత్సరము పేరు, మాసము, తిథి, వారము వ్రాయును. ‘ప్లవ’ అని మాత్రమే ఉన్నచో చిక్కే. అది 1721, 1781, 1841, 1901లలోను వచ్చినది. అయితే ఒక తిథి ఏ వారమున పడునో ఆయా యేట మారుచుండును. తప్పు సంవత్సరము యాదృచ్ఛికముగా సరిపోవుటకు ఏడింట ఒక వంతు మాత్రమే అవకాశము. స్వామికణ్ణు పిళ్ళె 1922లో ప్రకటించిన పంచాంగ గణితపు పట్టికలతో ఈ లెక్కను నిమిషములలో కట్టవచ్చును. రేడియో కార్బను పరీక్ష ఉన్నదిగదా యనవచ్చును. దానికి ఆకుముక్కను బలియియ్యవలెను. పైగా 1650 తరువాతి వస్తువులకు అది ఇచ్చు కాలము మిక్కిలి వెడల్పైనది. ఈ పనికి లేఖకుని మాటయే మేలు.

ప్రతిలో అంచుల వ్రాతలను పారవేయరాదని బాగుగా తెలిపినది గ్రేషియన్ గ్రంథమే. ఫ్లారెన్సులోని ఒక ప్రతిలో నడిమి పాఠము పొట్టిగా ఉన్నది. తక్కిన శాసనములు అంచులలోను, చివర అనుబంధములోను వ్రాసియున్నవి. బార్సిలోనా, ఆడ్మంట్, పారిస్ ప్రతులలో కూడ పొట్టి పాఠపు జాడలే. ఇవి ఎవరో కుదించిన ప్రతులని పండితులు చాలకాలము తలచిరి. ఆండర్స్ విన్‌రోత్ అను చరిత్రకారుడు వాటిని పోల్చి చూచి, పొట్టిదే మొదటిదనియు, అందరెరిగిన గ్రంథము దాదాపు రెండింతలుగా తరువాత పెరిగినదనియు 1996లో నిరూపించెను. అంచులలోని వ్రాతయే పెరుగుదల. తరువాతి లేఖకులు దానిని పాఠములోనికి ఎక్కించిరి. తాటాకు నిబంధములలోను అంచున ఎవరో ఎక్కించిన వచనము తరువాతి ప్రతిలో మూలమై కూర్చుండుట వింత కాదు.

చదువుటకు రాని కమ్మ చదువుటకు ఎన్నడును రాదని విడిచిపెట్టనక్కరలేదు. రుద్దిన మసి బొగ్గు జాతిది. అది పరారుణ కిరణములను మ్రింగును. ముదిరి గోధుమరంగు తిరిగిన ఆకు వాటిని వెనుకకు పంపును. కావున పరారుణ కెమెరాలో ఆకు తెల్లబడి అక్షరము నల్లగా తేలును.

ఇంటి అటకమీద కట్ట యేదైన దొరికినవారు చేయవలసినదానికంటె మానవలసినదే ఎక్కువ. విరిగిన అంచులను కత్తిరించి సరిచేయరాదు, వ్యాఖ్యయు తేదీయు అక్కడనే ఉండవచ్చును. మాసిన అక్షరములను క్రొత్త సిరాతో దిద్దరాదు. దారము తెగినచో కమ్మలను విషయము చూచి కూర్చుటకు ముందు, ఉన్న వరుసలోనే ఒక్కొక్కదానికి రెండు ప్రక్కల ఫోటో తీసి, ప్రక్కన వరుస సంఖ్య వ్రాసియుంచవలెను.