పరి, పెరి: ఒక చుట్టరికము

2022–23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమము విస్తరించినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల బాలబాలికలకు క్రొత్త మాటలను ఒక్కొక్కటిగా వల్లెవేయుటకంటె ఉపసర్గను పట్టుకొనుట మేలు.

గ్రీకున ‘పెరి’ యనగా ‘చుట్టు’. పెరిమీటరు చుట్టుకొలత, పెరికార్డియము గుండెను చుట్టిన పొర. మన పరిధి, పరిభ్రమణము, పరివేష్టనము అను మాటలలోని ‘పరి’ దీనికి తోబుట్టువే. సంస్కృత, గ్రీకు, లాటిను భాషల బాంధవ్యమును 1786లో విలియం జోన్సు కలకత్తాలో చాటెను.

అయితే పోలికను నమ్మి మోసపోరాదు. ఆపద యను అర్థముగల ‘పెరిల్’, నశించుట యను అర్థముగల ‘పెరిష్’ లాటిను సంతతివి. వానిలో ఈ ఉపసర్గ లేదు. కావున అర్థము నూహించి, పిమ్మట నిఘంటువుతో సరిచూచుకొనవలెను.

తల్లిదండ్రులకు ఆంగ్లము రాకున్నను ‘పరిధి’ యననేమో చెప్పగలరు. సగము పాఠము ఇంటనే యున్నది.