అలారం ఉన్న కారులో బ్యాటరీ డౌన్ అయితే: ముందు ఏ తీగ విప్పాలి, ఎందుకు?

పుదుచ్చేరిలో సముద్రానికి దగ్గరగా ఉన్న పాత ఫ్రెంచి వీధుల్లో కార్లు రోడ్డు పక్కనే ఎండకూ ఉప్పుగాలికీ నిలిచి ఉంటాయి. జిప్మర్ ఆసుపత్రిలో వైద్యానికి దూరం నుంచి వచ్చినవారి కారు వారాల తరబడి కదలకుండా ఉండిపోవచ్చు. తీరా బయలుదేరే రోజున రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోదు. తాళంచెవితో తెరిచి ఇంజిన్ స్టార్ట్ చేయబోతే టక్‌టక్‌మన్న శబ్దం తప్ప ఏమీ వినిపించదు. బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ విప్పబోతే ఒక్కసారిగా సైరన్ మోగుతుంది. ఆ ఉలికిపాటులో చేతిలోని స్పానర్ జారి పడకూడని చోట పడితే చేయి కాలవచ్చు, బ్యాటరీ పేలవచ్చు. అందుకే ఈ చిన్న పనికి ఒక వరుస ఉంది. ఆ వరుసలోని ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది.

నిలిచి ఉన్న కారుకు కరెంటు ఎందుకు?

తాళం వేసి వెళ్లిపోయినా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం కాపలా కాస్తుంది. రిమోట్ సంకేతం కోసం రిసీవర్ ఎదురుచూస్తుంది. గడియారం నడుస్తుంది. ఇవన్నీ కలిసి సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల కరెంటు వాడతాయి. 30 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు, నెలకు దాదాపు 22 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇది దాదాపు సగం. దీనికి తోడు బ్యాటరీ తనంతట తానే కొంత ఛార్జి కోల్పోతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ నష్టం వేగం పుంజుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం వేడిగా ఉండే కోస్తా పట్టణాల్లో నిలిచిపోయిన కారు త్వరగా మొరాయించడానికి ఇదొక కారణం.

రిమోట్ పనిచేయనంత మాత్రాన కారు బ్యాటరీ డౌన్ అయినట్లు కాదు. హారన్ గట్టిగా మోగి, లోపలి దీపం మామూలుగా వెలిగితే లోపం రిమోట్‌లోని చిన్న సెల్‌దే కావచ్చు. అవి కూడా పనిచేయకపోతే కారు బ్యాటరీనే అనుమానించాలి.

పెట్టె లోపల జరిగేది

సీసం-ఆమ్లం బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. నేటి కార్లలోనూ మూలసూత్రం అదే. ఒక పలక సీసం, మరొకటి సీసం డయాక్సైడ్, రెండింటి నడుమ నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడుకునేటప్పుడు రెండు పలకలపైనా సీసం సల్ఫేట్ పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగ్ ఈ చర్యను వెనక్కి తిప్పుతుంది. ఒక్కో గది సుమారు 2.1 ఓల్టులు ఇస్తుంది కాబట్టి ఆరు గదులు కలిసి 12.6 ఓల్టులు. కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిచినప్పుడు 12.2 ఓల్టులుంటే దాదాపు సగం ఛార్జి ఉన్నట్లు. 12 కంటే తగ్గితే అడుగంటినట్లే.

అడుగంటిన బ్యాటరీని అలాగే వదిలేస్తే సల్ఫేట్ మెత్తటి పొరగా కాకుండా గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జి చేసినా పూర్వపు శక్తి తిరిగి రాదు. కనుక ఛార్జింగ్‌ను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

సైరన్ కోపానికి కారణం

కొన్ని కార్లలో సైరన్‌కు సొంతంగా ఒక చిన్న రీఛార్జి బ్యాటరీ ఉంటుంది. దొంగ తీగ కోసినా మోగాలన్నది దాని ఉద్దేశం. యజమాని స్పానర్‌తో తీగ విప్పినా, దొంగ కత్తెరతో కోసినా సైరన్‌కు ఒకేలా కనిపిస్తుంది: కరెంటు ఆగింది. అలాగే ప్రధాన బ్యాటరీ ఓల్టేజీ బాగా పడిపోయినప్పుడు కూడా కొన్ని అలారాలు పొరబడి మోగుతాయి. కారణం లేకుండా అర్ధరాత్రి అరిచే కారు కొన్నిసార్లు తన బ్యాటరీ అలసిపోయిందని చెబుతున్నట్లు లెక్క.

కాబట్టి తీగ విప్పే ముందు అలారాన్ని ఆపాలి. ఓపిక కొంత మిగిలిన బ్యాటరీ అయితే రిమోట్‌తో అన్‌లాక్ చేయాలి. రిమోట్ పనిచేయకపోతే దాని లోపల దాగి ఉండే లోహపు తాళంచెవితో డ్రైవర్ తలుపు తెరవాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఆపిన తర్వాత నిర్ణీత సమయంలోపు తీగ విప్పితే కొన్ని కార్లలో సైరన్ మోగదు. ఆ సమయం ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. దాన్ని కారుతో వచ్చిన పుస్తకంలో చూడాలి. అప్పటికీ మోగవచ్చని మనసులో పెట్టుకునే పని మొదలుపెట్టాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. బటన్‌తో మాత్రమే తెరుచుకునే డిక్కీని ముందే తెరిచి ఉంచాలి. తాళాలు ఎప్పుడూ జేబులోనే ఉండాలి. కరెంటు తిరిగి రాగానే కొన్ని కార్లు తలుపులు వాటంతట అవే లాక్ చేసుకుంటాయి.

ముందు మైనస్, తర్వాత ప్లస్

ఉంగరం, గడియారం, గాజులు తీసేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉంటే మేలు. విప్పేటప్పుడు మైనస్ ముందు. బిగించేటప్పుడు మైనస్ చివర.

ఎందుకంటే చాలా కార్లలో బ్యాటరీ మైనస్ కారు బాడీకి కలిపి ఉంటుంది. అంటే బానెట్ కింద కనిపించే లోహమంతా దాదాపు మైనస్సే. ముందుగా ప్లస్ విప్పుతూ స్పానర్ కొన బాడీకి తగిలితే రెండు ధ్రువాలూ నేరుగా కలిసిపోతాయి. బ్యాటరీ లోపలి నిరోధం ఓమ్‌లో నూరో వంతు ఉందనుకుంటే 12 ఓల్టులకు 1200 ఆంపియర్లు ప్రవహిస్తాయి. స్పానర్ ఎర్రబడడానికి, వేలి ఉంగరం చర్మాన్ని కాల్చడానికి అది చాలు. మైనస్ ముందే విప్పితే ఆ దారి తెగిపోతుంది. ఆ తర్వాత స్పానర్ బాడీకి తగిలినా ప్రమాదం లేదు. విప్పిన మైనస్ తీగ మళ్లీ టెర్మినల్‌కు తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచాలి.

ఛార్జింగ్ ఎలా?

బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు సాధారణ కొలత. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి సుమారు 4.5 ఆంపియర్లు, 10 నుంచి 12 గంటలు. తానే ఓల్టేజీని చూసుకుని ఆగే ఛార్జర్ అయితే మంచిది. ఏజీఎం రకం బ్యాటరీకి ఆ అమరిక ఉన్న ఛార్జరే వాడాలి.

ఛార్జింగ్ చివరి దశలో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువడతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, మంట అంటుకుంటుంది. అందువల్ల గాలి ఆడే చోటే ఛార్జి చేయాలి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు. ముందు క్లిప్పులు పెట్టి, ఆ తర్వాతే గోడ స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చినా, పెట్టె ఉబ్బినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా గోడ దగ్గరే కరెంటు ఆపి దూరంగా జరగాలి.

కారు తయారీదారు అనుమతిస్తే బ్యాటరీని విప్పకుండానే ఛార్జి చేయవచ్చు. అలారం ఉన్న కారుకు ఇది సులువైన దారి, ఎందుకంటే తీగ తెగిందని సైరన్ అనుకోదు.

తిరిగి కలిపేటప్పుడు

చాలామందిని అలారం భయపెట్టేది ఇక్కడే. కరెంటు పోయినప్పుడు తాను కాపలాలో ఉన్న సంగతి అలారానికి గుర్తుంటుంది. కరెంటు రాగానే తలుపు తెరిచి ఉండడం చూసి మోగుతుంది. ప్లస్ బిగించి, మైనస్ తగిలించి, స్పానర్ పక్కన పెట్టాక రిమోట్‌తో అన్‌లాక్ నొక్కాలి. అదీ పనిచేయకపోతే తాళంచెవితో ఇగ్నిషన్ ఆన్ చేయాలి. అందులోని చిప్‌ను గుర్తుపట్టాక చాలా కార్లు శాంతిస్తాయి. గడియారం, అద్దాల ఆటో బటన్ మళ్లీ సరిచేసుకోవాల్సి రావచ్చు.

పక్క కారు సాయంతో స్టార్ట్ చేస్తే నల్ల తీగ చివరి కొసను డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ లోహానికి తగిలించాలి. ఆఖరి నిప్పురవ్వ హైడ్రోజన్‌కు దూరంగా పడాలన్నదే కారణం. స్టార్ట్ అయ్యాక బీచ్ రోడ్డు దాకా వెళ్లి వచ్చినంత మాత్రాన బ్యాటరీ నిండదు. ఛార్జర్‌తో పూర్తిగా నింపాలి.

వాన, ఉప్పు, పాత బ్యాటరీ

2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంజల్ తుఫాను అక్కడ 24 గంటల్లో దాదాపు 48 సెంటీమీటర్ల వాన కురిపించింది. అలాంటి రోజుల్లో నీట మునిగిన కారుకు ఛార్జర్ తగిలించకూడదు. తడి నేల మీద 230 ఓల్టుల తీగ లాగడం బ్యాటరీ కంటే పెద్ద ప్రమాదం. విద్యుత్ కార్లలోనూ 12 ఓల్టుల బ్యాటరీ ఉంటుంది, అదీ డౌన్ అవుతుంది. కానీ వాటిలోని నారింజ రంగు తీగలు అధిక ఓల్టేజీవి. వాటిని నిపుణులే ముట్టుకోవాలి.

టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకున్న పొరను, తీగలు విప్పి ఉన్నప్పుడు, వంటసోడా కలిపిన నీటితో తుడిస్తే ఆమ్లం తటస్థమవుతుంది. పూర్తిగా ఛార్జి చేసి రాత్రంతా ఉంచినా ఓల్టేజీ 12.4 కంటే తగ్గిపోతుంటే బ్యాటరీ ఆయువు తీరినట్లే. దాన్ని చెత్తలో పడేయకూడదు. సీసం మట్టినీ నీటినీ విషపూరితం చేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీలను వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని దుకాణంలోనే అప్పగిస్తే సరిపోతుంది.