మౌనం వెనుక మాట

పిలిస్తే పలకని పిల్లవానికి చెవుడు ఉన్నదేమోనని అనుమానించడం లోకసహజం. కాని అదే పిల్లవాడు ఎక్కడో దూరాన వినిపించే ఎడ్ల మెడగంటల చప్పుడుకు పరుగెత్తుకొని వస్తే, లోపం చెవిలో లేదని తేలిపోతుంది. అతడు ఎదుటివారి కళ్ళలోకి చూడడు. కావలసిన వస్తువును వేలితో చూపడు. పెద్దవారి చేయి పట్టుకొని దాని దగ్గరకు లాక్కొని పోతాడు. తోటిపిల్లలు ఆడుకుంటుంటే తానొక మూల కూర్చొని బండి బొమ్మ చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ ఉంటాడు. రోజూ నడిచే దారి మారితే భరించలేక ఏడుస్తాడు. ఇటువంటి లక్షణాల సముదాయాన్ని వైద్యశాస్త్రం ఆటిజం అంటున్నది. ఇది అంటువ్యాధి కాదు. మెదడు ఎదుగుదలలో ఏర్పడే భేదం. అందరిలోనూ ఒకే తీరున ఉండదు. ఒకరు అనర్గళంగా మాట్లాడతారు, మరొకరు జీవితాంతం మాట్లాడకపోవచ్చు.

‘తాను’ అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి ఈ పేరు పుట్టింది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పనిచేసిన లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి, ఈ స్థితిని సవివరంగా వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం పాటు నింద తల్లులపై పడింది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే బిడ్డ ఇలా తయారవుతాడని పెద్ద పెద్ద వైద్యులే వాదించారు. 1964లో ఆ వాదాన్ని ఖండిస్తూ గ్రంథం రాసిన బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆటిజం ఉన్న బాలునికి తండ్రి కూడా. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో వెలువడిన ఒక పరిశోధనా వ్యాసాన్ని, ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకొన్నది. మన పల్లెల్లో దిష్టి అనీ, గాలి సోకిందనీ అనుకోవడాన్ని చూసి నవ్వేవారు ఈ చరిత్రను కూడా గుర్తుంచుకోవాలి. అక్కడా ఇక్కడా నలిగిపోయినది తల్లే.

కాకతాళీయమే కావచ్చు, కానర్ వ్యాసం వెలువడిన 1943వ సంవత్సరంలోనే నాటి ఆదిలాబాదు జిల్లాలోని మార్లవాయి గ్రామంలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం మొదలైంది. దానికి ప్రేరకుడు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. బిడ్డకు మొదటి పాఠం ఇంటి భాషలోనే చెప్పాలన్న ఆలోచనతో అప్పుడు గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఉట్నూర్ ప్రాంతంలో ఆటిజం గురించి మాట్లాడేటప్పుడు ఈ భాషా విషయాన్ని పక్కన పెట్టడానికి వీలులేదు. ఇక్కడ అనేక గూడేలలో పిల్లలు ఇంట్లో గోండీ గాని, కోలామీ గాని, లంబాడీ గాని మాట్లాడి, బడిలో తెలుగు వింటారు. కొత్తగా చేరిన పిల్లవాడు నెలల తరబడి నోరు విప్పకపోవచ్చు. ఆ మౌనాన్ని వైకల్యమని ముద్ర వేయడం ఒక పొరపాటు. నిజంగా ఆటిజం ఉన్న బిడ్డను చూసి ‘తెలుగు రాక మాట్లాడడం లేదు, నెమ్మదిగా అదే వస్తుంది’ అని ఊరుకోవడం రెండవ పొరపాటు. రెండవది మరింత నష్టం కలిగిస్తుంది. ఎందుకంటే తొలి ఏళ్ళలో అందిన శిక్షణకు ఉన్న బలం తరువాత అందిన దానికి ఉండదు.

ఈ రెంటినీ వేరుచేసి చూడటానికి ఉపాధ్యాయుడు మొదట తల్లితో మాట్లాడాలి. ఇంట్లో సొంత భాషలో కబుర్లు చెబుతాడా? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? ఆకాశంలో పక్షిని చూసి ‘అదిగో’ అన్నట్లు వేలు చూపుతాడా? ఉత్తుత్తి వంటలు వండి ఆడుకుంటాడా? భాష మాత్రమే అడ్డంకి అయిన పిల్లవాడు ఇవన్నీ చేస్తాడు. వేలు చూపడానికి ఏ భాషా అక్కరలేదు కదా!

అనుమానం బలపడితే ముందుగా అంగన్‌వాడీ కార్యకర్తకో, ఆశా కార్యకర్తకో చెప్పవచ్చు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పుట్టుక నుంచి 18 సంవత్సరాల వరకు పిల్లలను పరీక్షిస్తాయి. అవసరమైన వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. పాఠశాల స్థాయిలో ప్రాథమికంగా గుర్తించడానికి జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో ‘ప్రశస్త్’ అనే మొబైల్ యాప్‌ను విడుదల చేసింది. అది గుర్తించడానికే, నిర్ధారించడానికి కాదు. నిర్ధారణకు మన దేశంలో వాడే కొలమానం రూపొందినది సికింద్రాబాదులోనే. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా ఏర్పడి, ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా పిలువబడుతున్న కేంద్రం దీని తయారీలో పాలుపంచుకొన్నది. అందులో 40 అంశాలు ఉంటాయి. మొత్తం 70 పాయింట్లు, ఆపైన వస్తే ఆటిజం ఉన్నట్లు లెక్క.

ఆటిజానికి మందు లేదు. పూర్తిగా నయం చేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మనక్కరలేదు. ఫలితమిచ్చేది శిక్షణ, అందులో చాలా భాగం ఇంట్లోనే, తల్లిదండ్రుల చేతుల మీదుగానే జరుగుతుంది. 1970ల తొలినాళ్ళలోనే నార్త్ కరోలినాలో ఎరిక్ షోప్లర్ తల్లిదండ్రులను వైద్యునికి సహచరులుగా నిలిపి ఒక విధానాన్ని రూపొందించాడు. దాని కీలకం చాలా సరళమైనది: చెవితో అందుకోలేని దానిని కంటికి చూపించాలి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా జరిగే పనులను బొమ్మలుగా గీసి వరుసగా గోడకు అతికించాలి. ఒక పని పూర్తికాగానే ఆ బొమ్మను తీసివేయాలి. తరువాత ఏమి జరగబోతున్నదో తెలిస్తే బిడ్డ ఆందోళన తగ్గుతుంది. మాట రాని పిల్లలకు బొమ్మ కార్డులు మాట్లాడతాయి. నీళ్ళ బొమ్మ తెచ్చి తల్లి చేతిలో పెడితే వెంటనే నీళ్ళు అందించాలి. బొమ్మలు వాడితే మాటలు రావేమోనన్న భయం అక్కరలేదు.

ఆ బొమ్మల కోసం పట్నం పోనక్కరలేదు. జొన్నరొట్టె, బిందె, ఎడ్లబండి, ఇప్పపువ్వు - బిడ్డ రోజూ చూసే వస్తువులను అట్టముక్కలపై గీస్తే చాలు. దండారి వేళ గుస్సాడీల రాక, కేస్లాపూర్ నాగోబా జాతర జనం ఇతర పిల్లలకు పండుగే. కాని డప్పుల, తుడుముల మోత ఈ పిల్లల చెవులకు బాధగా తోచవచ్చు. ముందురోజే బొమ్మలతో చెప్పడం, మోతకు కాస్త దూరంగా నిలబెట్టడం, చెవులు మూసుకుంటే మందలించకపోవడం అవసరం. ఆశ్రమ పాఠశాల వసతిగృహానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. వందమంది మధ్య, ఇల్లు విడిచి ఉండటం ఏ బిడ్డకైనా కష్టమే. ఈ బిడ్డకు నిలబడే చోటు, పళ్ళెం, పడక మారకుండా ఉంటే సగం గొడవ తగ్గుతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో ‘భవిత’ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి కూడా బోధిస్తారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావనే లేదు. 2016 చట్టంలో చేరింది. దాని ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, చివరికి ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపు వంటి సడలింపులను కూడా ఆ చట్టం పేర్కొన్నది. ఈ పాఠం చదువుతున్న విద్యార్థులలో కొందరికి ఆ చివరి మాట ఆకర్షణీయంగా తోచినా ఆశ్చర్యం లేదు! ధ్రువపత్రం ఉంటే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా ద్వారా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు పొందే వీలున్నది.

‘మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?’ అన్నది తల్లిదండ్రులు పైకి అనకపోయినా లోపల మోసే ప్రశ్న. బిడ్డకు 18 ఏళ్ళు నిండగానే, చట్టం దృష్టిలో అతడు వయోజనుడు. తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం అక్కడితో ముగుస్తుంది. ఆ తరువాత అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకుని నియమింపజేసుకోవచ్చు. తల్లిదండ్రులే కాక, బంధువులు, నమోదైన సంస్థలు కూడా ఈ దరఖాస్తు చేయవచ్చు. ఉట్నూర్ కుటుంబాలు ఇందుకోసం హైదరాబాదు వెళ్ళనక్కరలేదు. జిల్లా కేంద్రమైన ఆదిలాబాదు వరకు వెళితే చాలు.