పట్టాలనుండి తప్పించుకొను విద్యుత్తు

విద్యుత్ రైలుకు ప్రవాహము పైనున్న తీగనుండి గాని, ప్రక్కన అమర్చిన మూడవ పట్టానుండి గాని లభించును. బెంగుళూరు మెట్రోలో ఈ మూడవ పట్టాకు 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తునిచ్చుచున్నారు. మోటారులను త్రిప్పిన పిదప ఆ ప్రవాహము సబ్‌స్టేషనుకు తిరిగి చేరవలెను గదా! చక్రములు దొర్లు పట్టాలే దానికి తిరుగుదారి.

పట్టా ఉక్కుదే అయినను దానికిని కొంత నిరోధము కలదు. రెండు పట్టాలకు కలిపి కిలోమీటరుకు 0.02 ఓము అనుకొందము. 2,000 ఆంపియరులు కిలోమీటరు దూరము ప్రవహించినచో, ఓము నియమము ప్రకారము ఆ కొసకు, ఈ కొసకు 40 వోల్టుల భేదమేర్పడును. రైలు వద్ద పట్టా నేలకంటె ధనముగను, సబ్‌స్టేషను వద్ద ఋణముగను ఉండును. తేమనేలలో సమీపమున ఇనుప నీటిగొట్టమున్నచో, ప్రవాహములో కొంత రైలు వద్ద పట్టాను విడిచి గొట్టములో జొరబడి, దాని వెంట సాగి, సబ్‌స్టేషను దగ్గర వెలువడి మరల పట్టాలను చేరును. ఇదే దారితప్పిన ప్రవాహము.

ప్రవాహము గొట్టములో ప్రవేశించు చోట హాని దాదాపు లేదు. వెలువడు చోటనే ఇనుము అయానులై నేలలోనికి పోవును. మైలుతుత్తపు ద్రావణములో రాగి పలకలనుంచి విద్యార్థులు చేయు ప్రయోగము వంటిదే ఇది. అందు ధనపలక కరగును. ఫారడే నియమముచే లెక్కించిన, ఒక్క ఆంపియరు ఏడాదిపాటు వెలువడినచో సుమారు 9 కిలోగ్రాముల ఇనుము నశించును. పూత పూసిన గొట్టములో ఈ నష్టమంతయు పూత ఊడిన చిన్న చోటనే కేంద్రీకరించి బెజ్జము పొడుచును. కావున పూతను మాత్రమే నమ్ముకొనుట మంచిది కాదు.

వ్యాధిని పుట్టినచోటనే అణచుట మేలు. పట్టాల అతుకులను వెల్డింగు చేసినను, సబ్‌స్టేషనులను దగ్గర దగ్గరగా నిర్మించినను వోల్టేజి భేదము తగ్గును. పట్టాల క్రింద రబ్బరు మెత్తలుంచి, ఋణధ్రువమును నేలకు నేరుగా కలుపక విడుతురు. దీనిలో ఒక చిక్కు కలదు: పట్టాకు నేలకు మధ్య వోల్టేజి మితిమీరిన ప్రయాణికులకు ప్రమాదము. అట్టి సమయమున మాత్రము పట్టాను నేలతో కలుపు సాధనమును స్టేషనులలో అమర్చెదరు. లండను భూగర్భ రైల్వేలో తిరుగుప్రవాహమునకు ప్రత్యేకముగా నాల్గవ పట్టానే వేసిరి. ఖర్చు హెచ్చే గాని, ఇంతకంటె శుభ్రమైన ఉపాయము లేదు.

2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోకు 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు వాడుచున్నారు. వోల్టేజి హెచ్చగుటచే ప్రవాహము స్వల్పము. దాని దిశయు సెకనుకు నూరుమార్లు మారుచుండుటచే ఇట్టి క్షయము అత్యల్పము. అయితే ప్రక్కనున్న టెలిఫోను తీగలలో ప్రేరిత విద్యుత్తు పుట్టుట ఈ పద్ధతికి గల వేరొక తంటా.