పత్తిగింజల నూనె - మట్టితో శుద్ధి

కాటారం ప్రాంతంలో పత్తి సాగు విస్తారం. అందుచేత, పత్తిగింజలను గానుగ ఆడించి, ఆ నూనెను బొగ్గుపొడితో వడకట్టి వంటకు వాడవచ్చునా అని కొందరు నన్ను అడుగుతుంటారు. వాడరాదు.

నువ్వులనూనె సంగతి వేరు. గానుగ నుండి తెచ్చి, తేర్చి, నేరుగా వాడుకోవచ్చు. పత్తిగింజలో గాసిపాల్ అనే పసుపుపచ్చని విషపదార్థం ఉన్నది. అది పురుషుల సంతానశక్తిని దెబ్బతీస్తుంది. రక్తంలో పొటాషియంను తగ్గించగలదు. ముడినూనె నల్లబడి ఉండుటకు కారణం కూడా ముఖ్యంగా ఇదే. కర్మాగారాలలో మొదట కాస్టిక్ సోడా ద్రావణం కలిపి, గాసిపాల్‌ను సబ్బుమడ్డితోపాటు వేరుచేస్తారు. మట్టి పని ఆ తరువాతనే.

ఆ మట్టి మన ముల్తానీమట్టి వంటిదే. ఆమ్లంతో సంస్కరించి వాడతారు. నూనెకు నూటికి ఒకటి రెండు పాళ్లు చేర్చి, గాలి తీసివేసిన పాత్రలో 100 డిగ్రీల సెంటీగ్రేడుకు అటూ ఇటూగా వేడిచేస్తూ సుమారు అరగంట కలియబెట్టి వడకడతారు. గుడ్డ నీటిని పీల్చుకొన్నట్లు కాదు, మలినాలు మట్టిరేణువుల పైభాగానికి అంటుకొంటాయి. శాస్త్రజ్ఞులు దీనిని అధిశోషణం అంటారు. మిగిలిన రంగు, సబ్బు, లోహాల జాడలు ఇట్లా పోతాయి. శుద్ధిలో కొంత విటమిన్ 'ఇ' కూడా పోతుంది. గానుగ నూనెను మెచ్చేవారి మాటలో ఆ మేరకు సత్యమున్నది.

ఇంట మూకుడులో ఈ పని చేయబూనితే వేడికి గాలి తోడై నూనె త్వరగా చెడుతుంది. బొగ్గుతో రంగు కొంత విరిగినా, గాసిపాల్ పోయినట్లు కాదు.

మిగిలిన గింజలను మిల్లుకు అమ్ముకోవచ్చు. ఎదిగిన పశువులకు మితంగా దాణాలో కలపవచ్చు. నెమరువేయుట నేర్వని లేగదూడలకు మాత్రం పెట్టకండి.